మునకరహిత దీవి

పగడాలదీవిలో మనుషులు మునగడం పోయిన వేసవి నుంచి నిషేధం. అంతకుముందు ఎవరు మునిగారని అడిగితే చెప్పడం కష్టం, ఎందుకంటే ఎవరూ మునగలేదు. ఒక పెద్దమనిషిగారి బావమరిది రేవు దగ్గర ఫోటో దిగుతూ ఒక అడుగు వెనక్కి వేశాడు. మోకాటిలోతు నీళ్ళలో కూలబడ్డాడు. నల్లకళ్ళద్దాలు పోగొట్టుకుని లేచాడు. ఆ కళ్ళద్దాలు ఖరీదైనవి. బావమరిది అంతకంటే ఖరీదైనవాడు. అందుకని కమిటీ వేశారు.

కమిటీవారు దీవికి రాలేదు. పటం తెప్పించుకుని చూసి, దీవికి నాలుగు వైపులా నీరు ఉన్నదని కనిపెట్టారు. నాలుగు వైపులా నీరున్న చోట నిలబడ్డవాడు నీటిలో ఉన్నట్టేనని తీర్మానించారు. ఆ మీదట దీవి పర్యాటక ప్రాధికార సంస్థ నుంచి ఒక ఉత్తర్వు వెలువడింది. "దీవి యాత్ర యావత్తూ జలయాత్రగా పరిగణించబడును. పడవ ఎక్కినది మొదలు తిరిగి వచ్చి పడవ దిగువరకు, టికెట్టు గల ప్రతి ప్రయాణికుడు లైఫ్ జాకెట్టు ధరించి ఉండవలెను. జాకెట్టు లేని ప్రయాణికుడు ఉండరాదు. ప్రయాణికుడు లేని జాకెట్టు ఉండరాదు." ఆ ఆఖరి వాక్యం ఎందుకు రాశారో రాసినవారికి కూడా తెలియదు గాని, చదువుతుంటే గంభీరంగా ఉందని ఉంచేశారు.

ఈ ఉత్తర్వును మెడలో వేసుకుని తిరుగుతున్నవాడు గవర్రాజు. దీవిలోని గుళ్ళనూ సముద్ర తీరాలనూ ఒక్క పగటిలో చూపించి, చీకటి పడకుండా జనాన్ని ఇవతలి ఒడ్డుకు చేర్చే గైడు. చేతిలో చిన్న పచ్చజెండా, భుజాన మైకు, నోట్లో సంస్థవారు రాసిచ్చిన వర్ణన. అతన్ని ఏటేటా ఉగాది ముందు తీసేసి, ఉగాది వెళ్ళాక మళ్ళీ వేసుకుంటారు. అందువల్ల ఉద్యోగం పర్మినెంటు కాలేదు గాని భయం పర్మినెంటయింది. ఉత్తర్వులో లేని మాట అతని నోట రావడం ఎవరూ వినలేదు.

ఆవేళ యాత్రతో పాటు జల భద్రతాధికారి దండపాణి గారు కూడా బయలుదేరారు. దేశం మొత్తం మీద మునకరహిత దీవికి ఇచ్చే పురస్కారం ఒకటి ఉందట, అది పగడాలదీవికే వచ్చేలా ఉందట. ఈ సమయంలో ఎవడైనా అడ్డదిడ్డంగా మునిగితే పరువు పోతుందని ఆయన స్వయంగా కాపలా వచ్చారు. దండపాణి గారికి ఈత రాదు. రాకపోవడం వల్లనే నీటి ప్రమాదాన్ని నిష్పక్షపాతంగా చూడగలుగుతున్నానని ఆయన సభల్లో చెబుతుండేవారు.

రేవులో అందరికీ నారింజరంగు జాకెట్లు తొడిగించి, గవర్రాజు టికెట్లతో సరిచూశాడు. జాకెట్టు ఒకటి మిగిలింది. ప్రయాణికుడు లేని జాకెట్టు ఉండరాదు కనుక పడవ కదలడానికి వీల్లేదు. ఎవరి తాలూకు అని కేకేస్తే, అంచున కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. ఆవిడ పేరు అచ్చాయమ్మ, గోదావరి పక్క ఊరు. చేతిలో రెండు టికెట్లున్నాయి.

"రెండోవారు ఏరండీ పిన్నిగారూ?" అన్నాడు గవర్రాజు.

"వచ్చేరండి. ఇదిగో," అని ఆవిడ ఒళ్ళో సంచి మూతి విప్పింది. లోపల ఎర్రగుడ్డతో మూతి బిగించిన రాగి చెంబు ఉంది.

విషయం ఆవిడే చెప్పింది. భర్త వీరరాఘవులు రైసుమిల్లులో గుమాస్తా. పెళ్ళయిన కొత్తలో పగడాలదీవి చూపిస్తానని మాటిచ్చాడు. అప్పటినుంచి ఏ ఏడాదికాయేడాది వచ్చే ఏడాది అంటూ వచ్చాడు. చివరికి రిటైరై, తనే వెళ్ళి రెండు టికెట్లు కొని, వీధి వీధంతా చూపించి, ప్రయాణం ఇంకా నెల ఉందనగా నిద్రలో పోయాడు. టికెట్టు రద్దు కాదన్నారు, పేరు మార్చడం కుదరదన్నారు. ఊళ్ళో వాళ్ళు గోదావరి గుమ్మంలో ఉండగా అస్థికలకు సముద్రం దాకా ఎందుకన్నారు. ఆవిడ వినలేదు. ఇంటి దగ్గర జరగవలసిన మంత్రతంతు అంతా జరిపించి, ఆయన చూపిస్తానన్న దీవిలోనే ఆయన్ని నీళ్ళలో వదులుదామని బయలుదేరింది.

"ఆయన పేరున సీటుంది కదండీ మరి. ఖాళీగా పోనివ్వడం ఎందుకని తీసుకొచ్చేను," అంది.

గవర్రాజు దండపాణి గారి వైపు చూశాడు. ఆయన టికెట్టు తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు. పోయిన మనిషండీ అని గవర్రాజు చెవిలో చెప్పబోతే చేత్తో వారించారు.

"టికెట్టు ఉన్నవాడు ప్రయాణికుడు. ప్రయాణికుని ఇతర స్థితిగతులలోకి సంస్థ తొంగిచూడదు. జాకెట్టు తొడగండి."

పెద్దవాళ్ళ జాకెట్టులో చెంబు కనబడకుండా పోయింది. చిన్నపిల్లల జాకెట్టు తెప్పించారు. దాని రొమ్ము మీద బాతు బొమ్మ ఉంది. పట్టీలు రెండు చుట్లు తిప్పి బిగిస్తే సరిగ్గా సరిపోయింది. వీరరాఘవులు గారు తన సీట్లో తను కూర్చున్నారు. పక్క సీట్లవాళ్ళు ఒకరొకరే లేచి వెనక్కి సర్దుకోవడంతో ఆ దంపతులకు గాలి బాగా తగిలింది.

దీవిలో మొదటి మజిలీ ఒడ్డు వేణుగోపాలస్వామి గుడి. ఈ గుడికి ఒక ఆచారం ఉంది. మగవాళ్ళెవరూ నడుముకు పైన కుట్టిన బట్టతో లోపలికి రాకూడదు. ఇన్నాళ్ళూ చొక్కాలు విప్పి చేతిలో పట్టుకుని వెళ్ళేవారు. ఆవేళ చొక్కాలు విప్పి, వట్టి ఒంటి మీద జాకెట్లు బిగించుకుని గుమ్మం ముందు నిలబడ్డారు. లోపల్నుంచి గుడి కార్యనిర్వహణాధికారి భుజంగరావు గారు వచ్చి గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టారు.

జాకెట్టు కుట్టినదేనా అని అడిగారు. కుట్టినదేనని, అదీ గట్టిదారంతో కుట్టినదని దండపాణి గారు గర్వంగా చెప్పారు. అయితే ఆగమశాస్త్ర విరుద్ధం కనుక విప్పాలన్నారు భుజంగరావు గారు. విప్పితే జల భద్రతా ఉత్తర్వుకు విరుద్ధమన్నారు దండపాణి గారు. గర్భగుడిలో ఎవరు మునుగుతారని ఒకరు, అభిషేకజలం ఎంతలోతు ఉంటుందో కొలిచారా అని ఇంకొకరు. ఇద్దరూ ఒకే శ్రేణి అధికారులు. ఒకరి మాట ఒకరు వినవలసిన అవసరం ఇద్దరికీ లేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. జాకెట్ల లోపల జనం ఉడికిపోతున్నారు.

మధ్యాహ్న నైవేద్యం చల్లారిపోతోందన్న బాధతో ముసలి అర్చకులు బయటికి వచ్చారు. సంగతి విన్నారు. స్వామికి సమర్పించిన బట్ట శేషవస్త్రం అవుతుందనీ, శేషవస్త్రానికి కుట్టు దోషం అంటదనీ, జాకెట్టు ముందు స్వామికి తొడిగితే తరువాత ఎవరు తొడుక్కున్నా ప్రసాదమే అవుతుందనీ చెప్పి, పులిహోర దగ్గరికి వెళ్ళిపోయారు.

అలా వేణుగోపాలస్వామికి లైఫ్ జాకెట్టు తొడిగారు. మురళి చంక సందులోంచి బయటికి పొడుచుకు వచ్చింది. ఒక్కొక్క జాకెట్టూ స్వామికి తొడగడం, తీయడం, తీసినదాన్ని కళ్ళకద్దుకుని భక్తుడు తొడుక్కోవడం. జనానికి ఇది తెగ నచ్చింది. దండపాణి గారు స్వామిని తేరిపార చూసి, స్వామివారు కూడా దీవిలోనే ఉంటున్నారు కదా, ఇంతకాలం ఈ విషయం మన దృష్టికి రాకపోవడం లోపమేనని ఒప్పుకున్నారు. భుజంగరావు గారు అప్పటికే మనిషిని పంపి బల్ల తెప్పిస్తున్నారు. రెండో బృందం వచ్చేసరికి ఆ బల్ల మీద "కవచ సేవ, ప్రత్యేక వరుస" అని సుద్దతో రాసి ఉంది.

అచ్చాయమ్మ లోపలికి వెళ్ళలేదు. మైలలో ఉన్నాను, గుడి గడప తొక్కనని చెప్పి, బయట కొబ్బరిచెట్టు నీడలో చెంబుతో కూర్చుంది. బృందంలో ఎవర్నీ ఒంటరిగా వదలకూడదు కనుక గవర్రాజు కూడా అక్కడే చతికిలబడ్డాడు. ఆవిడ వీరరాఘవులు గారి సంగతులు చెప్పింది. ఆయనకు నీళ్ళంటే భయమట. గోదావరి పుష్కరాల్లో కూడా చెంబుతోనే పోసుకున్నాడట. దీవికి తీసుకెళ్ళడం ఏటేటా వాయిదా వెయ్యడానికి అసలు కారణం ఆ పడవ ప్రయాణమేనని ఆవిడకు మొదటి నుంచీ తెలుసట. తెలిసీ అడుగుతుండేదట. ఆయన మొహం మారడం చూస్తే సరదాగా ఉండేదని ఆవిడ నవ్వింది. అంత భయస్థుడూ ఆఖరికి ధైర్యం చేసి టికెట్లు కొన్నాడు. అది చెబుతున్నప్పుడు మాత్రం నవ్వలేదు. ఉత్తర్వులో అలాంటి చోట అనవలసిన మాట ఏదీ లేదు.

తరువాతి మజిలీ తెల్లఇసుక తీరం. అక్కడ ఇంకో నిబంధన ఉంది. జాకెట్లు గిడ్డంగి శాఖవారి ఆస్తి. తడిస్తే పాడవుతాయి కనుక తడపరాదు. జాకెట్టు విప్పరాదు, జాకెట్టు తడవరాదు అన్న రెండు మాటలూ కలిపితే సముద్రానికి ఇవతల కట్టిన పసుపు తాడు వస్తుంది. అందరూ ఆ తాడు వెనక వరుసగా నిలబడి సముద్రాన్ని చూశారు. సముద్రం కూడా చాలాసేపు వాళ్ళను చూసింది. ముట్టుకోవాలని సరదాపడేవారి కోసం సంస్థ తరఫున సముద్రాన్ని బకెట్లలో తెచ్చి పెట్టారు. వేలు ముంచి నెత్తిన చల్లుకోవచ్చు.

బృందంలో ఒక లెక్కల మాస్టారు ఉన్నాడు. నీళ్ళలో దిగనివ్వనప్పుడు ఈ జాకెట్టు దేనికని అడిగాడు.

"నీళ్ళలో దిగితే కాపాడటానికి," అన్నారు దండపాణి గారు.

"దిగనివ్వడం లేదు కదండీ?"

"అందుకే ఇంతవరకు ఒక్కరూ మునగలేదు."

మాస్టారు బకెట్టు దగ్గరికి వెళ్ళి వేలు ముంచుకున్నాడు.

మిగిలిన గుళ్ళలో స్వాములకూ అమ్మవార్లకూ జాకెట్లు తొడుగుతూ, మిగిలిన తీరాల్లో తాళ్ళ వెనక నిలబడుతూ, పొద్దు వాలేవేళకు అందరూ తూర్పుకొమ్ముకు చేరారు. దీవికి ఆఖరి తీరం అది. పూర్వం నుంచీ అస్థికలు కలిపేది అక్కడే. అచ్చాయమ్మ చెంబు ఎత్తుకుని తాడు దగ్గరికి వెళ్ళి, దాని జాకెట్టు పట్టీ విప్పబోయింది. దండపాణి గారు పరుగున వచ్చారు.

"అమ్మా, మునగడానికి వీల్లేదు."

ఆవిడకు మొదట అర్థం కాలేదు. ఆయన ఓపికగా వివరించారు. వీరరాఘవులు గారు టికెట్టు గల ప్రయాణికులు. వారు నీటిలో దిగి పైకి రాకపోతే దాన్ని మునక అంటారు. ఆ మునక ఈ ఏడాది ఖాతాలో పడుతుంది. మునకరహిత దీవి కాస్తా మునకసహిత దీవి అవుతుంది. ఆవిడ, ఆయన చనిపోయారు కదండీ అంది. ఆ సంగతి సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేసి టికెట్టు రద్దు చేయించుకోవలసిందన్నారు. రద్దు చెయ్యడం కుదరదన్నారంది. చెయ్యరు, అది నిబంధన అన్నారు ఆయన.

గవర్రాజు గొంతు సవరించుకుని, పోనీ వారిని ప్రయాణికుల్లోంచి తీసేసి సామానుగా రాసుకుంటే వీలవుతుందేమో సార్ అన్నాడు. ఉద్యోగంలో చేరాక అతను ఇచ్చిన మొదటి సలహా అది. దండపాణి గారు తీవ్రంగా ఆలోచించారు.

"సామాను అయితే సముద్రంలో పారవేయరాదు. అది చెత్త కిందికి వస్తుంది."

ఆ మాటకు అచ్చాయమ్మ చెంబును గుండెకు హత్తుకుని ఒక్క అడుగు వెనక్కి వేసింది. పొద్దున్నించీ ఎవరేమన్నా నవ్వుతూ బదులిచ్చిన మనిషి, ఎండిన పెదాలు తడుపుకుంటూ సముద్రం వైపు చూసి ఊరుకుంది. తన సలహా వల్లనే ఆవిడ ఆ మాట పడవలసి వచ్చిందని గవర్రాజు సిగ్గుపడ్డాడు. ఆఖరి పడవకు కూత వేసే వేళయింది. ఈ పూట కాకపోతే ఆవిడ ఆయన్ని మళ్ళీ తీసుకురాలేదు. ఇంకోసారి వస్తే ఇంకో రెండు టికెట్లు, ఇంకో రెండు జాకెట్లు, మళ్ళీ ఇదే తాడు.

దండపాణి గారు దయలేనివారు కాదు. పైవారికి ఫోను చేశారు. పైవారు వారి పైవారిని అడిగి చెప్పారు. ఫోను చెవికి ఆనించుకునే ఆయన ప్రకటించారు.

"భక్తుల మనోభావాలను దృష్టిలో ఉంచుకుని నిమజ్జనానికి అనుమతించడమైనది. అయితే జాకెట్టు తీయరాదు."

"మునగకుండా నిమజ్జనం ఎలాగండీ?" అంది అచ్చాయమ్మ.

"అది సాంకేతిక విషయం. ప్రయత్నం చేయాలి."

ఇంకో షరతు కూడా ఉంది. జాకెట్టు తడిసేందుకు మినహాయింపు వీరరాఘవులు గారికి మాత్రమే ఇచ్చారు, వారి భార్యకు ఇవ్వలేదు. కనుక ఆవిడ తాడు ఇవతలే ఉండాలి. నీళ్ళలో దిగే అధికారం సిబ్బందికి ఉంది. అచ్చాయమ్మ చెంబును గవర్రాజు చేతుల్లో పెట్టి దణ్ణం పెట్టింది. గవర్రాజు ప్యాంటు మోకాళ్ళకు మడిచి, నడుములోతు దాకా వెళ్ళి, చెంబును నీళ్ళ మీద వదిలాడు.

చెంబు మునగలేదు. బాతు బొమ్మ పైకి పెట్టి, అలల మీద ఊగుతూ కొంతదూరం వెళ్ళింది. ఆగింది. పెద్ద అల ఒకటి వచ్చి ఎత్తుకుని, జాగ్రత్తగా తెచ్చి, ఇసుక మీద గవర్రాజు వెనకాలే దింపి వెళ్ళింది. దండపాణి గారు చప్పట్లు కొట్టారు. జాకెట్టు పనిచేస్తుందనడానికి ఇంతవరకు సాక్ష్యం లేదు, ఇప్పుడు దొరికింది. ఫోటో తీయించారు. రెండోసారి వదిలారు. మొదటిసారి కంటే తొందరగా వచ్చేసింది. బృందంలో కొందరు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు.

"బతికున్నన్నాళ్ళూ నాలుగు కేకలేస్తేగాని పలికేవారు కాదండి," అంది అచ్చాయమ్మ. నవ్వబోయింది గాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడు చూడండి, పొమ్మన్నా పోవడం లేదు."

గవర్రాజు చెంబు తెచ్చి తాడు దగ్గర కూర్చుని, వదులైన పట్టీలు మళ్ళీ బిగించాడు. దండపాణి గారు పక్కనే నిలబడి పట్టీలను వేలితో లాగి చూసి, సరిగ్గా ఉందన్నారు. ఫోటోగ్రాఫరును పిలవడానికి అటు తిరిగారు. అచ్చాయమ్మ వంగి, ఎవరికీ వినబడకుండా అంది.

"బాబూ, మెడ దగ్గర బిగుతుగా ఉంటే ఆయనకి పడదు. చొక్కా పై బొత్తాం ఎప్పుడూ పెట్టుకునేవారు కాదు."

గవర్రాజు తలెత్తి ఆవిడ వంక చూశాడు. తల దించి చెంబు మూతి వంక చూశాడు. ఎర్రగుడ్డ మీద దారం నాలుగు చుట్లు చుట్టి ముడివేసి ఉంది. ఉత్తర్వు మొత్తం ఒకసారి మనసులో చదువుకున్నాడు. పట్టీల గురించి ఉంది. విప్పరాదని ఉంది, తడపరాదని ఉంది. మూతి ముడి గురించి ఎక్కడా ఏమీ లేదు. ఉగాది ఎంతో దూరం లేదు. అయినా ముడి కొస పట్టుకుని లాగాడు.

ఈసారి గుండెలోతు దాకా వెళ్ళాడు. చెంబును నెట్టకుండా, వెన్ను కింద చెయ్యి వేసి, నీళ్ళంటే భయపడే మనిషిని దింపినట్టు మెల్లగా దింపాడు. చెంబు ఊగింది. పక్కకు ఒరిగింది. ఎర్రగుడ్డ ఊడి నీళ్ళ మీద తేలింది. చెంబులోంచి బూడిదరంగు మరక ఒకటి జారి, అల కింద పరుచుకుని, అల విరిగేసరికి లేకుండా పోయింది. గవర్రాజు గైడుగా చేరిన దగ్గర్నుంచి నేర్చుకున్న వర్ణనలన్నీ మరిచిపోయి, నీళ్ళలోనే చేతులు జోడించాడు. ఒడ్డున అచ్చాయమ్మ తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఏడ్చింది. ఈసారి దాచుకోలేదు.

జాకెట్టు చెంబును మళ్ళీ ఒడ్డుకు తెచ్చింది. గవర్రాజు ఎర్రగుడ్డ ఏరుకొచ్చి, చెంబులోని సముద్రపు నీళ్ళు వంపేసి, మూతి గట్టిగా కట్టాడు. ప్రయాణికుడు క్షేమమేనా అని దండపాణి గారు అడిగారు. జాకెట్టు బిగుతుగానే ఉంది సార్ అని చెప్పాడు. అందులో అబద్ధం లేదు. నిమజ్జనానికి మూడుసార్లు మనస్ఫూర్తిగా ప్రయత్నం జరిగిందనీ, సముద్రమే అంగీకరించలేదనీ, సంస్థ తరఫున లోపం లేదనీ దండపాణి గారు ప్రకటించి అచ్చాయమ్మను ఓదార్చారు. ఆవిడ తలూపింది.

తిరుగు పడవలో కూడా వీరరాఘవులు గారి సీటు వీరరాఘవులు గారిదే. అచ్చాయమ్మ ఖాళీ చెంబు మీద చెయ్యి వేసుకుని, దీవి కనబడినంతసేపు వెనక్కి తిరిగి చూస్తూ కూర్చుంది. ఇవతలి రేవులో టికెట్లూ మనుషులూ జాకెట్లూ సరిపోయాయి. దండపాణి గారి సంతోషానికి హద్దు లేదు. మూడుసార్లు సముద్రంలోకి వెళ్ళి మూడుసార్లూ క్షేమంగా తిరిగొచ్చిన ప్రయాణికుడు ఏ దేశంలో ఉన్నాడు? పురస్కారం వచ్చేసినట్టే. ఆయన మైకు అందుకుని, అందరూ వింటుండగా అచ్చాయమ్మను అడిగారు.

"అమ్మా, మీవారికి మా దీవి నచ్చిందా?"

"ఎంతో నచ్చిందండి," అంది ఆవిడ, చెంబుకున్న బాతుబొమ్మ జాకెట్టు విప్పి ఆయన చేతికిస్తూ. "ఇక వెనక్కి రానన్నారు."

దండపాణి గారు మురిసిపోయారు. ఈ మాట వెంటనే రాసుకోమని గవర్రాజుకు చెప్పారు.

పురస్కారం వచ్చింది. రేవులో పెద్ద బోర్డు పెట్టారు. జాకెట్టు వేసుకున్న రాగి చెంబు బొమ్మ, దాని కింద బంగారు అక్షరాలు. "మునకరహిత పగడాలదీవి. ఒకసారి వచ్చినవారు ఇక వెనక్కి రానంటారు." ఆ బోర్డు చదివి కొందరు ప్రయాణికులు పడవ ఎక్కడానికి జంకుతున్నారని పైకి ఫిర్యాదులు వెళ్ళాయి. దాని మీద కమిటీ వేశారు. ఉగాది వెళ్ళాక గవర్రాజును మళ్ళీ వేసుకున్నారు. రోజూ పొద్దున జాకెట్లు తొడిగించడం పూర్తయ్యాక, జెండా చంకలో పెట్టుకుని అతను ఆ బోర్డుకు దణ్ణం పెడతాడు. సంస్థ మీద అతనికున్న భక్తిని దండపాణి గారు సభల్లో మెచ్చుకుంటున్నారు.